పచ్చబొట్టుకి కూలి ఎంత?

(సికింద్రాబాద్, మారేడ్‌పల్లిలో జరిగిన మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అసంఘటిత రంగంలో స్త్రీల వేతనాల గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. బీడీ కార్మికుల గురించో, ఇళ్ళల్లో పనిచేసే స్త్రీల గురించో చెబుతానని మీరు అనుకుని ఉంటారు. వాటి గురించి నాకంటే బాగా చెప్పగలిగిన వాళ్ళు ఈ హాల్లోనే ఉన్నారు. నేను చాలా చిన్నదిగా కనిపించే ఒక ప్రశ్నతో మొదలుపెడతాను. పచ్చబొట్టు వేసిన మనిషికి టిప్పు ఇవ్వాలా, అక్కర్లేదా?

నవ్వకండి. ఈ ప్రశ్న నన్ను అడిగింది మా అన్న కూతురు. ఇక్కడే మారేడ్‌పల్లిలో ఒక టాటూ దుకాణంలో అడిగింది. సమాధానం చెప్పలేక ఆ రోజు నేనొక తప్పు పని కూడా చేశాను. ఆ సంగతి చెబుతాను. దానికి ముందు మా అమ్మ చేతి మీద తేలు గురించి చెప్పాలి.

మాది నల్గొండ జిల్లాలో ఒక పల్లె. 1973లో నాకు ఎనిమిదేళ్ళు. ఆ ఎండాకాలం ఒక ఎరుకలామె మా వాకిట్లోకి వచ్చింది. ఆమె బుట్టలు అమ్మేది, ఎరుక చెప్పేది, పచ్చబొట్లు పొడిచేది. అమ్మకి చేతి మీద తేలు పొడిపించుకోవాలని ఎప్పటి నుంచో కోరిక. నాయనమ్మ సరేనంది. బేరం నాయనమ్మే చేసింది. రెండు శేర్ల జొన్నలు, ఒక పాత చీర. ఎరుకలామె ఒప్పుకుంది. ఆమె ముందు ధర మాట్లాడుకుని, ఆ తర్వాతే సూదులు బయటికి తీసింది. ఈ ముక్క మీరు గుర్తుపెట్టుకోండి.

సూదులు మూడో నాలుగో కలిపి దారంతో కట్టి ఉన్నాయి. నల్లరంగు ఒక చిన్న చిప్పలో ఉంది. ఆమె పుల్లతో ముందు బొమ్మ గీసింది, తర్వాత పొడిచింది. అమ్మ పళ్ళు బిగబట్టుకుని కూచుంది. నొప్పి మరిపించడానికి ఆమె ఏదో పాట పాడుతూనే ఉంది. పొద్దున మొదలుపెడితే ఎండ నడినెత్తికొచ్చేదాకా పట్టింది. తేలు, దాని చుట్టూ చుక్కలు. చివర పసుపు రాసి, ‘మూడు రోజులు నీళ్ళు తగలనియ్యకు బిడ్డా’ అని జాగ్రత్తలు చెప్పింది.

తర్వాత నాయనమ్మ చేటలో ఒక శేరు నూకలు పోసి తెచ్చింది. ‘చీర ఇప్పుడు లేదు, ఉగాదికి రా’ అంది. ఆ ఏటి ఉగాది అప్పటికే వెళ్ళిపోయింది. ఎరుకలామె చేట ముట్టుకోలేదు. ‘అమ్మా, నేను బిచ్చానికి రాలే. పొద్దటి సంది కూసోని పొడిసిన’ అంది. నాయనమ్మకి కోపమొచ్చింది. ‘ఇచ్చింది తీసుకపో, ఇంటి మీద పడి అడుగుతవా’ అంటూ ఆమె కులం పేరు పెట్టి ఒక మాట అంది. ఆ మాట నేనిక్కడ చెప్పను. మీరందరూ విన్న మాటే. ఆ మాట విన్నాక ఎరుకలామె ఇంకేమీ అడగలేదు. నూకలు కొంగులో పోయించుకుని లేచింది.

అమ్మ దొడ్డిదారిన వెళ్ళి, కొంగుముడిలో దాచుకున్న పావలా ఆమె చేతిలో పెట్టింది. నేను చూశాను. చాలా ఏళ్ళ పాటు అది మా అమ్మ మంచితనం గురించి నేను చెప్పుకునే కథ. ఇప్పుడు ఆ కథ నాకు వేరేలా కనిపిస్తోంది. నాయనమ్మ ఎగ్గొట్టింది కూలి. అమ్మ ఇచ్చింది టిప్పు. కూలి ఇవ్వాలన్నా అమ్మ ఇవ్వలేదు. ధాన్యం కొట్టు తాళం ఆమె దగ్గర లేదు. నిజానికి నాయనమ్మ దగ్గరా లేదు, తాత దగ్గర ఉండేది. ఇంటి సంపద మీద హక్కు లేని ఆడమనిషి ఇంకో ఆడమనిషికి చాటుగా ఇవ్వగలిగింది ఆ పావలాయే. దాంతో అమ్మ మనసు కుదుటపడింది. బాకీ మాత్రం అలాగే ఉండిపోయింది.

ఈ పని చేసే స్త్రీల గురించి ఎడ్గర్ థర్‌స్టన్ అనే ఇంగ్లీషు అధికారి 1906లో అచ్చయిన పుస్తకంలో కొంత రాశాడు. ఎరుకల వాళ్ళనే తమిళ ప్రాంతంలో కొరవలంటారు. ఆ స్త్రీలు పసుపు, అవిసె ఆకు కలిపి నూరి, గుడ్డలో చుట్టి వత్తి చేసి, నూనె దీపంలో వెలిగించి, పైన కొత్త కుండ బోర్లించి, లోపల పట్టిన మసిని గీకి చనుబాలతోనో నీళ్ళతోనో కలిపి రంగు చేస్తారని వివరంగా రాశాడు. ఒక చుక్కకో గీతకో కాణీ అంటే పావు అణా, పెద్ద బొమ్మకి 12 అణాల దాకా రేటు ఉండేదనీ, లోపలి ఊళ్ళల్లో మాత్రం బియ్యం, అరటిపళ్ళు, ఆకు వక్కలు ఇచ్చేవాళ్ళనీ రాశాడు.

ఆ రేట్లలో ఉన్న విషయం గమనించండి. చుక్కకి ఒక ధర, బొమ్మకి ఒక ధర. అంటే ఇది నైపుణ్యం ఉన్న పని అనీ, దానికి లెక్క ఉంటుందనీ 100 ఏళ్ళ కిందటే అందరికీ తెలుసు. డబ్బు చలామణి తక్కువగా ఉన్న ఊళ్ళోకి వచ్చేసరికి ఆ కూలి తిండిగింజలుగా మారింది. తిండిగింజలు చేటలో పోసి ఇచ్చేసరికి చూసేవాళ్ళ కంటికి అది భిక్షలా కనబడింది. చాకలికి, మంగలికి కళ్ళంలో ఇచ్చే మేర కూడా గింజలే. కానీ మేర ఇంత అని ఊరికి తెలుసు, ఇవ్వకపోతే అడిగే చోటు ఉండేది. ఊరూరా తిరిగే ఎరుకలామెకి ఏ ఊళ్ళోనూ అలాంటి చోటు లేదు.

పైగా ఆమె నెత్తి మీద ఇంకో ముద్ర ఉంది. 1871లో ఇంగ్లీషు ప్రభుత్వం నేరస్థ జాతుల చట్టం తెచ్చింది. 1911లో దాన్ని తిరగరాశాక మద్రాసు రాజధానిలో ఎరుకల వాళ్ళ మీద కూడా అమలు చేశారు. పుట్టుకతోనే దొంగలన్నారు. ఠాణాలో హాజరు వేయించుకోమన్నారు. బాపట్ల దగ్గర స్టువర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లలో పెట్టారు. స్వాతంత్ర్యం వచ్చాక 1952లో ఆ చట్టం రద్దయింది. చట్టం పోయినా చూపు పోలేదు. 1973లో మా నాయనమ్మ అన్న మాట ఆ చూపులోంచే వచ్చింది. దొంగ అని ముద్రపడ్డ మనిషి, ‘నా కూలి ఎగ్గొట్టారు’ అని ఏ ఠాణాకి వెళ్ళి చెబుతుంది? ఆ ఒక్క మాటతో ఆమె నోరు మూయించవచ్చని నాయనమ్మకి తెలుసు. చదువు లేని మా నాయనమ్మకి కూడా ఆ సంగతి తెలిసుండటం గురించి మనం ఆలోచించాలి.

ఇక మారేడ్‌పల్లికి వస్తాను. అమ్మ రెండేళ్ళ కిందట పోయింది. ఆమె నగల్లో కొన్ని బ్యాంకులో కుదువ ఉండగానే పోయాయి, మిగిలినవి పంచుకున్నారు. తేలు మాత్రం ఆమెతోనే వెళ్ళింది. పచ్చబొట్టు చచ్చినా వెంట వచ్చే సొమ్మని మన పెద్దవాళ్ళు అంటారు. బతికున్నప్పుడు కూడా ఎవరూ తాకట్టు పెట్టలేని సొమ్ము అదొక్కటేనని నేను దానికి చేరుస్తాను. మా అన్న కూతురికి నాయనమ్మంటే ప్రాణం. ‘అత్తా, నాయనమ్మ తేలు నా చేతికి కావాలి. నువ్వు తోడు రా’ అంది. ఫోటో పట్టుకుని ఇద్దరం వెళ్ళాం.

అద్దాల గది, ఏసీ, పడకకుర్చీ. పని చేసింది ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్ళ అమ్మాయి. మిగతా ఇద్దరు పనివాళ్ళూ, యజమానీ మగవాళ్ళే. ఒకప్పుడు మన ఊళ్ళల్లో ఈ పని ఆడవాళ్ళ చేతిలో ఉండేది. అమెరికాలో 1891లో ఒకాయన విద్యుత్తుతో నడిచే పచ్చబొట్టు యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు. ఆ యంత్రమూ, అద్దాల గదీ, పెట్టుబడీ మన దగ్గరికి వచ్చేసరికి సూదులు కట్టుకుని తిరిగిన స్త్రీల కూతుళ్ళు ఆ గదిలో లేరు. నేను చూసిన దుకాణాల్లో ఏదీ వాళ్ళది కాదు. పనికి ధర పెరిగిన కొద్దీ అది ఆడవాళ్ళ చేతిలోంచి జారిపోవడం మనం నేతలో చూశాం, వ్యవసాయంలో చూశాం.

ఆ అమ్మాయి మూడు గంటలు వంగి పనిచేసింది. తేలు అచ్చం అమ్మ తేలులాగే వచ్చింది. నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి. బిల్లు 5,000 రూపాయలు. అప్పుడు మా పిల్ల నా చెవిలో అడిగింది. ‘అత్తా, టిప్పు ఇవ్వాలా? మా ఫ్రెండ్స్ అమెరికాలో ఇరవై శాతం ఇస్తారట.’ నేను పెద్దరికంగా ‘500 ఇద్దాంలే’ అని, కౌంటరు మీద ఉన్న క్యూఆర్ కోడ్‌కి ఫోన్లో 5,500 కొట్టేశాను. అమ్మాయి థాంక్యూ మేడమ్ అంది. ముఖంలో ఏమీ లేదు.

బయట టీ బండి దగ్గర నిలబడ్డాం. కాసేపటికి ఆ అమ్మాయి కూడా టీకి వచ్చింది. మాటల్లో అసలు సంగతి తెలిసింది. నేను కొట్టిన 500 యజమాని ఖాతాలోకి వెళ్ళింది. అందులోంచి ఆమెకి వచ్చేదేమీ లేదు. ఆమెకి జీతం లేదు. బిల్లులో 30 శాతం ఇస్తారు, అందులోనూ సూదులకీ రంగుకీ పట్టుకుంటారు. ఎవరూ రాని రోజు సున్నా. పని నేర్చుకోవడానికి 40,000 కట్టింది, ఆ తర్వాత ఆరు నెలలు ఉచితంగా చేసింది. చేతికి సూది గుచ్చుకున్న సందర్భాలున్నాయి. హెపటైటిస్-బి టీకా మూడు డోసులు వేయించుకుంటే ఆ ఒక్క జబ్బు ముప్పయినా చాలావరకు తగ్గుతుంది. ఆ మాట ఆమెకి చెప్పినవాళ్ళు లేరు. ‘పెద్ద టిప్పు ఇచ్చేవాళ్ళూ వస్తారు మేడమ్. కానీ వాళ్ళు టిప్పుతో పాటు ఫోన్ నంబరు అడుగుతారు’ అంది. ‘వద్దంటే?’ అన్నాను. ‘సార్‌కి కస్టమర్ పోతాడు కదా’ అంది.

మిత్రులారా, టిప్పు అనేది ఇచ్చేవాడి మనసుని బట్టి ఉంటుంది. ఎవరి మనసు మీద మన బువ్వ ఆధారపడి ఉందో వాళ్ళకి మనం నవ్వాలి, సర్దుకోవాలి, చెయ్యి పట్టుకున్నా ఊరుకోవాలి. ఆడపిల్ల అయితే ఇంకా ఎక్కువ ఊరుకోవాలి. అందుకే ఇది స్త్రీల సమస్య అంటున్నాను.

మా పిల్ల ఫ్రెండ్స్ ఆదర్శంగా చెప్పే అమెరికా సంగతి కూడా కాస్త చూద్దాం. అక్కడ టిప్పులు వచ్చే ఉద్యోగులకి కేంద్ర చట్టం ప్రకారం యజమాని నేరుగా ఇవ్వాల్సిన కనీస వేతనం గంటకి 2 డాలర్ల 13 సెంట్లు. 1991 నుంచి అది పెరగలేదు. మిగతాది టిప్పుల్లో రావాలి. అంటే యజమాని ఇవ్వాల్సిన జీతాన్ని వచ్చిపోయేవాళ్ళ దయకి వదిలేశారు. కొన్ని రాష్ట్రాలు ఈ పద్ధతి మానేశాయి, చాలా రాష్ట్రాలు మానలేదు. బానిసత్వం రద్దయ్యాక అక్కడి పుల్‌మన్ కంపెనీ రైలు పడక పెట్టెల్లో నల్లజాతి వాళ్ళని పనికి పెట్టుకుంది. జీతం తక్కువ, టిప్పుల మీద బతకమంది. వాళ్ళు 1925లో సంఘం పెట్టుకుని, 12 ఏళ్ళు పోరాడి, 1937లో కంపెనీతో వేతన ఒప్పందం చేయించుకున్నారు. లాలాగూడ రైల్వే వర్క్‌షాపు పక్కన పెరిగిన వాళ్ళు ఈ హాల్లో ఉన్నారు. కార్మికులు బక్షీసు కోసం ఎదురుచూస్తే ఏమొస్తుందో, సంఘం పెట్టుకుంటే ఏమొస్తుందో వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు.

ఇది దుకాణాల యజమానుల సంగతే అయితే నేనింత దూరం మాట్లాడేదాన్ని కాదు. ప్రభుత్వం ఏం చేస్తోందో చూడండి. 1975లో అంగన్‌వాడీలు మొదలైనప్పటి నుంచి అక్కడ పనిచేసే స్త్రీలకి ఇచ్చేదాన్ని జీతం అనలేదు, గౌరవ వేతనం అన్నారు. 2005 తర్వాత వచ్చిన ఆశాలని కార్యకర్తలు అన్నారు, ఇచ్చేదాన్ని పారితోషికం అన్నారు. ఒక కాన్పుకి ఇంత, ఒక టీకాకి ఇంత. పేరు గౌరవం, లోపల టిప్పు. అంగన్‌వాడీ స్త్రీలకి గ్రాట్యుటీ హక్కు ఉందని సుప్రీంకోర్టు చెప్పడానికి 2022 దాకా పట్టింది. ఆంధ్రప్రదేశ్‌లో వాళ్ళు 2023 డిసెంబరులో సమ్మె మొదలుపెట్టి 42 రోజులు రోడ్డు మీద కూచుంటే, ప్రభుత్వం వాళ్ళ మీద ఎస్మా ప్రయోగించింది. ఇక్కడొక ప్రశ్న ఉంది. పని మానేస్తే జనజీవనం ఆగిపోయేంత అత్యవసరమైన సేవ అంటారు. మరి ఆ పని చేస్తున్నప్పుడు అది ఉద్యోగం ఎందుకు కాదు?

మన సంగతి కూడా చెప్పుకోవాలి. మన సంస్థల్లో బస్తీల నుంచి వచ్చి పనిచేసే అమ్మాయిలకి మనం ఇచ్చేది ఏమిటి? ప్రాజెక్టు ఉన్నన్నాళ్ళు గౌరవ వేతనం, ప్రాజెక్టు అయిపోతే శాలువా. ఒకసారి మూడు రోజుల శిక్షణ శిబిరానికి వంట చేసిన ఇద్దరికి మేమందరం చందాలేసుకుని చీరలు పెట్టాం. చాలా సంతోషపడ్డాం. వాళ్ళలో ఒకామె చీర తీసుకుని, ‘ఇది సరే, మూడు రోజుల కూలి?’ అంది. మేము నొచ్చుకున్నాం! సాటి ఆడవాళ్ళని ఇంత ఆప్యాయంగా చూసుకుంటే కూలి అడుగుతుందేమిటని నొచ్చుకున్నాం. ఆ నొచ్చుకోవడంలో మా నాయనమ్మ ఉందని నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

మన భాషే చూడండి. కూలి, జీతం, మేర అనేవి అడిగి తీసుకునేవి. ఇనాము, బక్షీసు, చాయ్ డబ్బులు అనేవి ఇస్తే పుచ్చుకునేవి. మొదటివాటిని ఎగ్గొడితే బాకీ మిగులుతుంది. రెండోవాటిని ఎగ్గొట్టడమనేదే లేదు, ఇచ్చినవాడు ఎప్పుడూ గొప్పవాడే. ఆడవాళ్ళ పనిని మొదటి వరసలోంచి రెండో వరసలోకి జరపడం ఎంత తేలిగ్గా జరిగిపోతుందో చూడండి. కళ అంటే చాలు, సేవ అంటే చాలు, మా ఇంటి మనిషి అంటే చాలు.

మరి టిప్పు ఇవ్వాలా వద్దా? ఇవ్వొద్దని నేను చెప్పను. ‘టిప్పు వాళ్ళని కించపరుస్తుంది’ అని సిద్ధాంతం చెప్పి జేబులో డబ్బు జేబులోనే పెట్టుకునే వాళ్ళని కూడా చూశాను. ఆ సిద్ధాంతంతో ఆ అమ్మాయికి బస్సు చార్జీ కూడా రాదు. ఇవ్వాలనిపిస్తే ఇవ్వండి. కౌంటరు మీది కోడ్‌కి కాకుండా, పనిచేసిన మనిషి చేతికి ఇవ్వండి. ధర దగ్గర గీచి గీచి బేరమాడి, చివర్లో 50 రూపాయలు టిప్పు పెట్టి దానం చేసినట్టు బయటికి రావద్దు. ఆ 50 ఆమె కూలిలోంచి తీసిందే. అలాగే టిప్పు ఇచ్చాం కదా అని ఆ మనిషి జీతం సంగతి మర్చిపోవద్దు. నేను ఆ రోజు చేసిన తప్పు అదే. 500 ఎక్కువ కొట్టాను గానీ, ‘అమ్మా, నీకు ఎంత వస్తుంది?’ అని లోపల ఉండగా అడగలేదు.

అడగడానికి ఇప్పుడు కొంత ఆధారం కూడా ఉంది. 1948 నాటి కనీస వేతనాల చట్టం షెడ్యూలులో పేరున్న పనులకే వర్తించేది. దాని స్థానంలో వచ్చిన 2019 వేతనాల కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చింది. కార్మిక సంఘాలకి కొత్త కోడ్‌ల మీద తీవ్రమైన అభ్యంతరాలున్నాయి, వాటిలో చాలావాటితో నేనూ ఏకీభవిస్తాను. కానీ కనీస వేతనం ఉద్యోగులందరికీ అనీ, నెల జీతం మరుసటి నెల ఏడో తారీకులోగా ఇవ్వాలనీ అందులో ఉంది. ముక్క లెక్కన చేసే పనికీ కనీస రేటు ఉండాలి. దీని నుంచి తప్పించుకోవడానికి యజమానులు ‘ఆ అమ్మాయి ఉద్యోగి కాదు, ఫ్రీలాన్స్ ఆర్టిస్టు’ అంటారు. పొద్దున పదింటికి రావాలి, సెలవు అడిగి తీసుకోవాలి, ధర ఆయన చెప్పాలి, డబ్బు ఆయన ఖాతాలో పడాలి. అలాంటప్పుడు ఆమె ఉద్యోగి కాక మరేమిటి? ఈ వాదన మనం నేర్చుకోవాలి. ఈఎస్ఐకి పదిమంది ఉండాలి, ఇలాంటి దుకాణంలో నలుగురే ఉంటారు. అది ఒక పోరాటం. లైంగిక వేధింపుల విషయంలో మాత్రం పదిమంది లేకపోయినా 2013 చట్టం కింద జిల్లా స్థాయిలో స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయవచ్చు. ఆ సంగతి ఆ అమ్మాయికి తెలియదు. చెప్పాల్సింది మనం.

ఈస్ట్, వెస్ట్ మారేడ్‌పల్లిల్లో ఎన్ని బ్యూటీ పార్లర్లు ఉన్నాయో, ఎంతమంది అమ్మాయిలు జీతం లేకుండా ‘నేర్చుకుంటున్నారో’ మన దగ్గర లెక్క లేదు. ఆ లెక్క తీయడంతో మొదలుపెడదాం. మనమంతా అక్కడికి వెళ్ళేవాళ్ళమే, తలుపు తెరిచే ఉంటుంది. వెళ్ళినప్పుడు ఆ ఒక్క ప్రశ్న అడుగుదాం. యజమాని లేనప్పుడు, మెల్లగా, ఆమె ఉద్యోగానికి ముప్పు రాకుండా అడుగుదాం.

నేను తర్వాత ఆ అమ్మాయి దగ్గరికి మళ్ళీ వెళ్ళాను. 500 ఆమె చేతిలో పెట్టాను. తీసుకుంది. సంఘం గురించి మాట్లాడితే, ‘ఆదివారం కుదరదు మేడమ్, ఆ రోజే గిరాకీ. సోమవారం అయితే వస్తాను’ అంది. అందుకే ఇకనుంచి మన సమావేశాలు సోమవారం పెట్టాలని ప్రతిపాదిస్తున్నాను.

మా అమ్మ తేలు తాలూకు ఒక శేరు జొన్నలు, ఒక పాత చీర ఇంకా బాకీయే. ఆ ఎరుకలామె పేరు మేమెవరం అడగలేదు కాబట్టి ఆ బాకీ ఆమెకి తీర్చే దారి లేదు. ఇప్పుడు మన ముందు కూచుని పనిచేస్తున్న వాళ్ళ పేర్లు మనకి తెలుసు. వాళ్ళ బాకీ అయినా మిగలనివ్వకుండా చూద్దాం.